ఈ కాగితం ఎవరి దగ్గరికి పోతుంది?

15 సెప్టెంబర్ 2025, సోమవారం

మా కంపెనీలో ఏటా జరిగే హెల్త్ చెకప్ ఇవాళ మొదలైంది. రెండో అంతస్తులోని పెద్ద కాన్ఫరెన్స్ హాలుకు అడ్డంగా తెరలు కట్టారు. రక్తం తీసేవాళ్లు, ఈసీజీ వాళ్లు బయటి ల్యాబ్ నుంచి వచ్చారు. ఎత్తు, బరువు, నడుము కొలత, బీపీ, ప్రశ్నల ఫారం క్లినిక్ నర్సుగా నా బాధ్యత.

మొదటి గంటలోనే బీపీ దగ్గర చిక్కొచ్చింది. అడ్మిన్ వాళ్లు ఒక్కొక్కరికి కేటాయించిన టైమ్ చాలా తక్కువ. ఒకబ్బాయి బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లోంచి బండి మీద వచ్చి, లిఫ్ట్ ఖాళీ లేక మెట్లెక్కి, చెవిలో స్టాండప్ కాల్ నడుస్తుండగానే కుర్చీలో కూలబడ్డాడు. అలాగే కఫ్ చుడితే పై అంకె 150 దాటింది. కాల్ ఆపించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 128. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది. నర్సింగ్ ఫస్టియర్‌లో నేర్పే సంగతులే ఇవన్నీ. తొందరలో ఎగిరిపోయేవి కూడా ఇవే. తెర బయట కుర్చీలు వేయించి, క్యూ అంతా కూర్చునే కదిలేలా చేశాను.

నడుముకు టేపు చుట్టగానే ఆడా మగా తేడా లేకుండా పొట్ట లోపలికి లాగేస్తారు. నేను వాళ్లతో ఏదో మాట కలుపుతాను. మాట పూర్తయి ఊపిరి వదిలిన క్షణంలో, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో కొలుస్తాను. మన శరీరాలకు మగవాళ్లకైతే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకైతే 80 హద్దు. బీఎంఐ కూడా మనకు 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం. వాళ్ల ఫోన్లలోని యాప్‌లు పాశ్చాత్య లెక్కతో 24.5కి పచ్చరంగు చూపిస్తాయి. "నార్మలే కదా సిస్టర్?" అని ఫోన్ నా ముందు పెడతారు.

ఈ ఏడాది సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన అధ్యయనం ప్రింటు తీసి గోడకు అంటించాను. సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు, గచ్చిబౌలి ఏఐజీ హాస్పిటల్ డాక్టర్లు కలిసి మన హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించారు. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు, 71 శాతానికి ఊబకాయం, 34 శాతానికి మెటబాలిక్ సిండ్రోమ్. కేంద్ర ఆరోగ్య మంత్రి పార్లమెంటుకు ఈ అంకెలే చెప్పారు. 345 మందిని చూసి ఊరందరికీ లెక్క కట్టకూడదని నాకు తెలుసు. అయినా ఈ ఐటీ కారిడార్‌లో మధ్యాహ్నం ఫుడ్‌కోర్టులోనూ, అర్ధరాత్రి అయ్యప్ప సొసైటీ హాస్టళ్ల ముందు ఆగే డెలివరీ బండ్ల దగ్గరా నేను చూసేది ఆ 84కి అడ్డు చెప్పేలా లేదు.

17 సెప్టెంబర్, బుధవారం

ఫారాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. సిగరెట్: లేదు. మద్యం: లేదు. నిద్ర: 8 గంటలు. ఒత్తిడి: లేదు. ఇంట్లో షుగర్, బీపీ ఎవరికైనా: లేదు. వరుసగా ఇవే. మాదాపూర్ రోడ్ల మీద టీ కొట్ల దగ్గర ఉదయం నుంచి రాత్రి వరకూ పొగ పీల్చే గుంపులు ఎక్కడినుంచి వచ్చాయో మరి, మా టవర్‌లో మాత్రం ఒక్కరూ తాగరు.

ఒకమ్మాయి నన్నే అడిగేసింది. "సిస్టర్, ఈ కాగితం ఎవరి దగ్గరికి పోతుంది? హెచ్ఆర్‌కా?" చెప్పాను: రిపోర్టు నీ మెయిల్‌కి వస్తుంది, ఒక కాపీ క్లినిక్ బీరువాలో తాళం వేసి ఉంటుంది, తాళం చెవి నా దగ్గరా డాక్టర్ గారి దగ్గరా మాత్రమే ఉంటుంది, కంపెనీకి పేర్లు లేకుండా మొత్తం అంకెలు మాత్రం వెళ్తాయి. కాసేపు ఆలోచించి, "ఒకసారి ఇటివ్వండి" అని ఫారం వెనక్కి తీసుకుంది. "8 గంటలు" కొట్టేసి "4-5" అని రాసింది. "మందులు" అన్నచోట ఖాళీ ఉండేది, అక్కడ థైరాయిడ్ మాత్ర, ఇంకో మాత్ర పేరు రాసింది. రెండోది ఆందోళనకు వాడే మందు. అది తెలియకుండా ఆమె చెప్పిన గుండె దడకు నేను ఎన్ని కారణాలు వెతికేదాన్నో!

చెకప్‌లో అసలు పరికరం కఫ్ కాదు, గ్లూకోమీటర్ కాదు. ఎదుటి మనిషికి నా మీద ఉండే నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం నా మంచితనం కాకూడదు, అతని హక్కు కావాలి. నేను సెలవు పెట్టిన రోజు నా కుర్చీలో కూర్చునే మనిషిని కూడా అతను నమ్మగలగాలి.

రేపటి నుంచి ఫారం చేతికివ్వకముందే ఎవరు చూస్తారో, ఎవరు చూడరో చెప్పాలి. "ఒత్తిడి ఉందా?" అన్న ప్రశ్న తీసేస్తాను. దానికి లేదనే అంటారు. "నిన్న రాత్రి లాప్‌టాప్ మూసింది ఎన్నింటికి?" అని అడిగితే నిజమే చెబుతారు. షాపులు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చనీ, వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ జీతం ఇవ్వాలనీ రాష్ట్ర ప్రభుత్వం జులై 5న ఉత్తర్వు ఇచ్చింది. ఆ 48 ఎప్పుడు దాటుతోందో ఎవరి ఫారంలోనూ గడి లేదు. యూఎస్ షిఫ్టు వాళ్లని అడగాల్సింది ఇంకొకటుంది. రాత్రంతా పనిచేసి పొద్దున్నే రక్తం ఇస్తే ఆ ఫాస్టింగ్ షుగర్‌ను నిద్రలేచి వచ్చినవాడి షుగర్‌తో కలిపి చదవకూడదు. షిఫ్టు ఏమిటన్నది పై వరుసలోనే రాయాలి.

19 సెప్టెంబర్, శుక్రవారం

ఆడవాళ్ల వరుసలో ల్యాబ్ అబ్బాయి "మేడమ్, లాస్ట్ పీరియడ్ ఎప్పుడు?" అని అందరికీ వినపడేలా అడుగుతున్నాడు. పక్కకు పిలిచి ఆపించాను. చెకప్‌లో ఛాతీ ఎక్స్‌రే ఉంది కాబట్టి అడగాల్సిన ప్రశ్నే. కారణం చెప్పి, తెర లోపల, ఆడమనిషి అడగాలి. తర్వాత ఒకావిడ తెర లోపలికి వచ్చాక మెల్లగా అంది: "ఎక్స్‌రే వద్దు సిస్టర్. ఎందుకని అడగకండి. అప్రైజల్ అయ్యేదాకా ఎవరికీ చెప్పదల్చుకోలేదు." ఎక్స్‌రే గడి కొట్టేసి పక్కన కారణం రాయలేదు. 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుంచి చట్టంలో ఉంది. 50 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా ఉంది. ఇన్ని ఉన్నా ఒక చదువుకున్న ఆడది తన కడుపులో బిడ్డ సంగతి దాచుకోవాల్సి వస్తోంది.

సాయంత్రం ఒకతను, "ఈ రక్తంలో ఏమేం చూస్తారు, హెచ్ఐవీ కూడా చూస్తారా?" అన్నాడు. చూడరు. చెప్పి, ఒప్పించి, అనుమతి తీసుకోకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఉద్యోగానికి దాన్ని షరతుగా పెట్టకూడదు అని 2017 చట్టం ఉంది. ల్యాబ్ లిస్టు అతని చేతికే ఇచ్చి చదువుకోమన్నాను. ఏ సీసాలో ఏ పరీక్షకు రక్తం పోతోందో అడగడం ప్రతి మనిషికీ ఉన్న హక్కు. అడిగిన మొదటివాడు ఇతనే.

24 సెప్టెంబర్, బుధవారం

లాబీలో బతుకమ్మ పేర్చారు. తంగేడు, గునుగు, బంతి. పేర్చింది మా హౌస్‌కీపింగ్ అక్కలే, పాలమూరు వైపు వాళ్లు. ఫొటోల్లో ఉన్నది మాత్రం పట్టుచీరల ఉద్యోగినులు.

పూల పళ్లెం మోసుకొస్తూ ఒకావిడ గోడ పట్టుకుని ఆగిపోయింది. "తల దిమ్మ దిమ్మ అంటున్నది సిస్టరమ్మా, ఏం గాదు, పొద్దుగాల తినలే" అంది. తీసుకెళ్లి కూర్చోబెట్టి, కాసేపాగి చూస్తే 178/108. రెండో చేతికి చూసినా అంతే. చెకప్ లిస్టులో ఆమె పేరు వెతికాను. లేదు. ఆమె మా కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. సెక్యూరిటీ వాళ్లు, ప్యాంట్రీ వాళ్లు, క్యాబ్ డ్రైవర్లు ఎవరూ ఆ లిస్టులో లేరు.

డాక్టర్ గారు మధ్యాహ్నమే చూసి మాత్రలు మొదలుపెట్టారు. ఆ తర్వాతే నాకు అసలు పని పడింది. జీతం చీటీ ఫోన్‌లో చూపించమన్నాను. ఈఎస్ఐ కటింగ్ ఉంది. నెల జీతం 21 వేలు దాటని వాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం కార్మికుల వంతు, 3.25 శాతం యజమాని వంతు. దానికి బదులుగా ఆమెకూ ఇంట్లో ఆధారపడినవాళ్లకూ వైద్యం ఉచితం, జబ్బుపడి పనికి రాలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం. డబ్బు నెలనెలా కట్ అవుతోంది, కార్డు మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"కార్డు ఉంటది అని ఎవ్వలు జెప్పలే అమ్మా. సనత్‌నగర్ దవాఖానకు పోవాల్నంటె ఒక దినం పోతది. దినం పోతే పైసలు కట్ జేస్తరు."

కాంట్రాక్టరు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి ఆమె ఇన్సూరెన్స్ నంబర్ అడిగాను. రేపిస్తానన్నాడు. అంతవరకూ ఆమె ఉండే బస్తీలోని బస్తీ దవాఖానాలో బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తారని చెప్పి, చీటీ తెలుగులో రాసిచ్చాను. పొద్దున ఐదింటికి లేస్తుంది, రెండు బస్సులు మారుతుంది, బాత్రూములకు వాడే ఆసిడ్ వాసనకు దగ్గుతుంది, రోజంతా నిలబడే ఉంటుంది, మధ్యాహ్నం అన్నం మెట్ల కింద తింటుంది. ఆరోగ్యానికి ముప్పు ఎవరికి ఎక్కువ అని నన్నడిగితే, పన్నెండో అంతస్తులో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ల కంటే ముందు ఈమె పేరు రాస్తాను.

27 సెప్టెంబర్, శనివారం

ఇన్సూరెన్స్ నంబర్ వచ్చింది. సూపర్‌వైజర్ మూడుసార్లు ఫోన్ చేయించుకున్నాడు, కానీ ఇచ్చాడు. ఈ-పహచాన్ కార్డు ప్రింటు తీసి ఆమెకిచ్చాను. మిగతా ఆడవాళ్లు కూడా ఫోన్లు పట్టుకుని వచ్చారు.

10 అక్టోబర్, శుక్రవారం

ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. లాబీలో బ్యానరు, రబ్బరు బంతులు, సాయంత్రం జుంబా. వద్దనను. నవ్వుకునే గంట ఒకటి దొరికితే మంచిదే. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ మొదలై ఇవాళ్టికి మూడేళ్లు. 14416. ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరు బ్యానరు మీద లేదు. చిన్న చీటీలు ముద్రించి బాత్రూముల్లో తలుపుల లోపలివైపు అంటించాను. అక్కడైతే ఎవరూ చూడకుండా ఫొటో తీసుకోవచ్చు.

14 అక్టోబర్, మంగళవారం

ఇది నా సొంత పుస్తకమే అయినా పేరు, టీం, ఊరు రాయను.

తలనొప్పి మాత్ర కోసం ఒకతను వచ్చాడు. ఈ నెలలో నాలుగోసారి. జులై చివర్లో టీసీఎస్ 12 వేల మందిని తగ్గిస్తానని ప్రకటించిన దగ్గర్నుంచీ ఈ కారిడార్‌లో ఏ కంపెనీలో పనిచేసేవాడి ముఖంలోనైనా ఆ భయం ఉంది. ఇతని ప్రాజెక్టు పోయి బెంచ్ మీద ఉన్నాడు, ఇంటి లోను ఉంది. మాత్ర ఇవ్వకముందు తలుపు వేసి కూర్చోమన్నాను. "రెండు వారాలుగా ఎలా ఉందో తొమ్మిది ప్రశ్నలు అడుగుతాను. మీరు చెప్పింది నా దగ్గరా డాక్టర్ దగ్గరా ఉంటుంది. మీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఒక్కదాన్నే మోయను, సాయానికి ఇంకొకరిని పిలుస్తాను. అది కూడా మీతో చెప్పే పిలుస్తాను" అన్నాను. ఈ మాట ముందే చెప్పి తీరాలి. ఎవరికీ చెప్పనని మాటిచ్చి ఆనక తప్పితే, ఆ మనిషి జన్మలో ఇంకో నర్సుకి నోరు విప్పడు.

ఆ తొమ్మిది ప్రశ్నల ఫారం పీహెచ్‌క్యూ-9లో మొదటి ఎనిమిదీ నిద్ర, ఆకలి, అలసట, ఆసక్తి లాంటివాటి గురించి. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. ఇది అడగడానికి చాలామంది జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయం. పుట్టదు. అడిగేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లే ఎక్కువ. గొంతు మార్చకుండా, కళ్లు దించకుండా, నిద్ర సంగతి అడిగినట్టే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కొన్ని రోజులు" అన్నాడు.

మిగతా ప్రశ్నలు ఇక్కడ రాయను. అన్నీ నేరుగానే అడిగాను. అతన్ని ఒంటరిగా వదల్లేదు. ఎవరిని పిలవమంటారంటే అక్క పేరు చెప్పాడు. అతనే ఫోన్ కలిపాడు, తర్వాత నేను మాట్లాడాను. "తమ్ముడూ, నేను బయల్దేరుతున్నా, నువ్వు సిస్టర్ దగ్గరే ఉండు" అని ఆమె అనడం స్పీకర్‌లో విన్నాడు. అప్పుడు ఏడ్చాడు. సాయంత్రమే సైకియాట్రిస్టు చూశారు.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లే ఆంబులెన్సు ఎక్కేముందు అడిగాడు: "ఇది పోలీసు కేసవుతుందా? మేనేజర్‌కి ఏమని చెబుతారు?" ఆలోచన వచ్చినంత మాత్రాన ఏ కేసూ ఉండదు. ప్రయత్నం చేసినవాళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతుంది. 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యం. మేనేజర్‌కి "ఆరోగ్యం బాగాలేదు, డాక్టర్ సెలవు రాశారు" అన్న వాక్యం చాలు. అదే పంపాను.

16 అక్టోబర్, గురువారం

అతని అక్క మెసేజ్ పెట్టింది. నిద్రపోతున్నాడట, తింటున్నాడట.

29 అక్టోబర్, బుధవారం

చెకప్ రిపోర్టు తయారైంది. పై నుంచి మెయిల్: హై రిస్క్ ఉద్యోగుల పేర్లు, ఉద్యోగి నంబర్లు, "మానసిక సమస్యలు ఉన్నవారి వివరాలు విడిగా" పంపమని. ఉద్దేశం మంచిదేనని, వాళ్లకు "సపోర్ట్ ప్లాన్" వేస్తామని రాశారు.

పంపనని జవాబిచ్చాను. మొత్తం మీద ఎంతమందికి బీపీ, ఎంతమందికి షుగర్, ఏ షిఫ్టులో నిద్ర తక్కువ అన్నది ఇస్తాను. టీంల వారీగా ఇవ్వను. పదిమంది టీంలో "డిప్రెషన్ మందు వాడుతున్నవారు: 1" అని రాస్తే పేరు రాయకపోయినా రాసినట్టే. ఎవరికైనా సాయం కావాలంటే క్లినిక్‌కి రమ్మని అందరికీ మెయిల్ పెట్టండి, వచ్చినవాళ్లు తమ ఇష్టంతో వస్తారు అని రాశాను.

డాక్టర్ గారు నా మెయిల్ కింద "నేనూ ఇదే అంటున్నాను" అని ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం లేకపోతే నా ఉద్యోగం ఏమయ్యేదో తెలియదు. కార్పొరేట్ క్లినిక్ నర్సు జీతం ఇచ్చేది కంపెనీ. ఆమె బాధ్యత మాత్రం ముందు కూర్చున్న మనిషికే. అంతర్జాతీయ నర్సుల మండలి నియమావళిలో మొదటి సంగతి కూడా అదే.

14 నవంబర్, శుక్రవారం

మధుమేహ దినం. ఈసారి పనిచేసే చోట షుగర్ గురించి మాట్లాడుతున్నారు. ఇన్సులిన్ వేసుకునే ఒకమ్మాయి ఇప్పటికీ బాత్రూములోనే వేసుకుంటోంది. క్లినిక్ లోపలి గది తాళం ఆమెకు కూడా ఒకటి ఇచ్చాను.

ఇవాళే డేటా రక్షణ చట్టం నియమాలు వచ్చాయన్న వార్త. 2023లో చేసిన చట్టం. ముఖ్యమైన బాధ్యతలు ఇంకో 18 నెలల తర్వాత గానీ అమలుకు రావు. రాత్రి కూర్చుని చదివాను. నోటీసు తెలుగులో అడిగే హక్కు ఉంది, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునే హక్కు ఉంది. కానీ ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం కోసం అనుమతి లేకుండానే ఉద్యోగి వివరాలు వాడుకోవచ్చన్న వెసులుబాటు కూడా ఏడో సెక్షన్లో ఉంది. అక్టోబర్ 29 మెయిల్ లాంటివి రేపు ఆ తలుపులోంచే వస్తాయి. కాబట్టి చట్టం కాపాడుతుందిలే అని ఊరుకోవడానికి లేదు.

24 నవంబర్, సోమవారం

శుక్రవారం నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. మా హౌస్‌కీపింగ్ అక్కల్లో చాలామందికి ఇది వర్తించాలి. పై అంతస్తుల్లో కాలేయం కొవ్వెక్కుతున్న పిల్లలకు మాత్రం ఇంకా ముప్ఫై నిండలేదు.

అడ్మిన్‌కి ఇవాళ ఉత్తరం ఇచ్చాను. వచ్చే చెకప్‌లో ఈ టవర్‌లో పనిచేసే ప్రతి మనిషి పేరు ఉండాలి, జీతం ఎవరిచ్చినా సరే. చెకప్ రోజు కాంట్రాక్టు మనుషులకు జీతం కోయకూడదు. ఫారం తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఉండాలి. మొదటి వరుసలో పెద్ద అక్షరాలతో ఈ మాటలు ఉండాలి: "ఈ కాగితం మీది. మీరు ఒప్పుకోకుండా మీ మేనేజర్‌కి గానీ, హెచ్ఆర్‌కి గానీ, కాంట్రాక్టర్‌కి గానీ వెళ్లదు. మీ ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం మీతో చెప్పి ఇంకొకరి సాయం తీసుకుంటాం. జవాబు ఇష్టం లేని ప్రశ్న వదిలేయవచ్చు."

ఆ వరుస లేని ఫారం నేను ఎవరి చేతికీ ఇవ్వను.